తల్లుల ఆసుపత్రికి పేరైన శాహ్జాదీ నిలోఫర్

హైదరాబాదులోని నిలోఫర్ ఆసుపత్రి పేరు విననివారు తెలుగునాట తక్కువ. నెలలు నిండకుండా పుట్టిన పసికందులను, ఆయాసంతో ఎగపోసే బిడ్డలను జిల్లాల నుంచి రాత్రికి రాత్రి రెడ్‌హిల్స్‌లోని ఆ ఆసుపత్రికి తీసుకువెళ్తుంటారు. ఆ పక్కనే అదే పేరుతో వెలసిన హోటల్లో ఇరానీ చాయ్ మాత్రమే తాగి వచ్చేవారూ ఉన్నారు. అయితే ఈ నిలోఫర్ ఎవరని అడిగితే చాలామంది నిజాం కూతురనో, ఎవరో బేగం అనో చెప్పి ఊరుకుంటారు. ఆమె నిజాం కూతురు కాదు, కోడలు. పుట్టింది ఇస్తాంబుల్‌లో, కన్నుమూసింది పారిస్‌లో. ఆమెకు పిల్లలు లేరు. అటువంటి స్త్రీ పేరు తల్లులకు, పసిబిడ్డలకు ఆశ్రయమైన ఆసుపత్రికి ఎలా వచ్చిందో తెలియాలంటే ఆమె జీవితాన్ని మొదటి నుంచీ చూడాలి. అందులో యుద్ధాలున్నాయి, దేశ బహిష్కారం ఉంది, ఒక పనిమనిషి పురిటి చావు ఉంది.

నిలోఫర్ అంటే ఫారసీలో కలువ పువ్వు. 1916 జనవరి 4న ఆమె ఇస్తాంబుల్‌లో జన్మించారు. తల్లి అదీలె సుల్తాన్ ఉస్మానియా చక్రవర్తి ఐదవ మురాద్ మనుమరాలు. అవి మొదటి ప్రపంచయుద్ధపు రోజులు. నిలోఫర్ పుట్టిన ఐదు రోజులకు గల్లిపోలి తీరం నుంచి బ్రిటిష్ సేనల ఆఖరి పటాలం ఓడలెక్కి వెళ్ళిపోయింది. తుర్కులు ఆ పోరులో గెలిచారు గానీ యుద్ధంలో ఓడారు. 1918 నవంబరులో మిత్రరాజ్యాల నౌకలు ఇస్తాంబుల్ ముందు లంగరు వేశాయి. పరాయి సైనికులు వీధుల్లో తిరిగే నగరంలో ఆ పాప నడక నేర్చింది. మూడేళ్ళు నిండకముందే తండ్రిని పోగొట్టుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆమె పుట్టడానికి కొన్నేళ్ళ ముందు, బాల్కన్ యుద్ధ సమయంలో, ఢిల్లీకి చెందిన డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ ఒక వైద్య బృందాన్ని వెంటబెట్టుకుని టర్కీకి వెళ్ళారు. హిందుస్థాన్ ముస్లింలు చందాలు వేసుకుని 1912 డిసెంబరులో పంపిన బృందం అది. గాయపడిన తుర్కు సైనికులకు చికిత్స చేసి మరుసటి ఏడు తిరిగి వచ్చింది. ఆ నగరంలో పుట్టిన ఆడపిల్ల తర్వాతి కాలంలో మన దేశానికి వచ్చి, ఇక్కడి తల్లులకు ఒక ఆసుపత్రి కావాలని పట్టుబట్టడం చూస్తే ఆ ఋణం ఏదో రూపంలో తీరిందనిపిస్తుంది.

1922 నవంబరులో సుల్తానుల పాలన రద్దయింది. 1924 మార్చి 3న ఖిలాఫత్ కూడా రద్దయింది. ఉస్మానియా వంశంలోని వారంతా దేశం విడిచి పోవాలని అంకారా శాసనసభ చట్టం చేసింది. అప్పటికి నిలోఫర్‌కు ఎనిమిదేళ్ళు. తల్లీకూతుళ్ళు ఫ్రాన్సు దక్షిణ తీరంలోని నీస్ పట్టణం చేరారు. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుటుంబం కూడా అక్కడే స్థిరపడింది. ఆ వంశీకుల్లో చాలామంది నగలమ్ముకుని కాలం గడిపినవారే. రాజకుటుంబమైనా కాందిశీకురాలు కాందిశీకురాలే. ఊరు విడిచి పోవడమంటే ఏమిటో మన ప్రాంతం కూడా కొంత ఎరుగును. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు కలిసి నడిచిన 1921లో చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద ఇళ్ళు వదిలి రామనగరులో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు గడిపారు. చూలాళ్ళు, బాలింతలు, చంటిబిడ్డలు కూడా ఆ పాకల్లోనే ఎండకూ వానకూ ఓర్చుకోవలసి వచ్చింది. వారు మళ్ళీ తమ ఇళ్ళకు చేరుకున్నారు. నిలోఫర్‌కు మాత్రం పుట్టిన ఇల్లు మళ్ళీ ఇల్లు కాలేదు.

ఖలీఫా దుస్థితి విని హైదరాబాదు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు 300 పౌన్ల భృతి ఏర్పాటు చేశారు. మౌలానా షౌకత్ అలీ పూనికతో ఆ పరిచయం వియ్యానికి దారితీసింది. 1931 నవంబరు 12న నీస్‌లో రెండు నికాహ్‌లు జరిగాయి. ఖలీఫా కుమార్తె దుర్రె షహ్వార్ నిజాం పెద్ద కొడుకు ఆజం జాహ్‌కు, నిలోఫర్ రెండవ కొడుకు మొఅజ్జం జాహ్‌కు భార్యలయ్యారు. డిసెంబరులో పిల్స్నా అనే ఓడలో బొంబాయికి ప్రయాణమయ్యారు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశం నుంచి వట్టి చేతులతో తిరిగి వస్తున్న గాంధీజీ కూడా అదే ఓడలో వచ్చారు.

పదహారేళ్ళు నిండని ఆ పిల్ల హైదరాబాదులో నిలోఫర్ ఫర్హత్ బేగం సాహెబా అయింది. నివాసం నౌబత్ పహాడ్ దగ్గరి హిల్ ఫోర్ట్ భవనం. భర్త నగరాభివృద్ధి బోర్డు అధ్యక్షులు. ఈనాటికీ పండ్లకూ అత్తరుకూ పేరున్న మొఅజ్జం జాహీ మార్కెట్ ఆయన పేరిట కట్టినదే. ఆమె ఉర్దూ నేర్చుకున్నారు, చీర కట్టు నేర్చుకున్నారు. పరదా పాటించే ఆనాటి పెద్దింటి స్త్రీల మధ్య ఆమె సభలకు వెళ్ళడం, ఆడపిల్లల చదువు గురించి, వైద్యం గురించి మాట్లాడడం కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు. ఆమె అందాన్ని గురించి, జరీ చీరల గురించి ఎంతో మంది రాశారు. నేను ఆ ముచ్చట జోలికి పోను. ఆమె లోపల మోస్తున్న బరువు వేరు.

ఏళ్ళు గడిచాయి గానీ సంతానం కలగలేదు. తోడికోడలికి ఇద్దరు కొడుకులు. నిలోఫర్ యూరప్ వెళ్ళి పేరున్న వైద్యులకు చూపించుకున్నారు. ఫలితం లేకపోయింది. గొడ్రాలనే మాట మన ఇళ్ళలో ఎంత కర్కశంగా వాడతారో ఆడవారికి చెప్పనక్కరలేదు. పేరంటంలో పక్కకు తప్పుకోవాలి, పురిటింట అడుగు పెట్టకూడదు, పసిబిడ్డను ముద్దు చేస్తే దిష్టి అంటారు. ఇది ఇస్లాం నేర్పినది కాదు. సంతానం ఇవ్వడం, ఇవ్వకపోవడం అల్లాహ్ చేతిలోని పని అని నమ్మేవారికి ఆ మాట నోట రాకూడదు. అయినా ముస్లిం ఇళ్ళలోనూ ఆ మాట ఉంది. మహళ్ళలోనూ ఉంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నిలోఫర్ నర్సు పని నేర్చుకుని సహాయ కార్యక్రమాల్లో పాలుపంచుకున్నారు. కట్లు కట్టడం, జ్వరం చూడడం, రోగి మంచం పక్క రాత్రి మేలుకోవడం ఎలాంటివో చేతులతో తెలుసుకున్నారు. మన చరిత్రలో ఈ పని చిన్నదేమీ కాదు. అస్లమ్ తెగకు చెందిన హజ్రత్ రుఫైదా (రజి) మదీనా మసీదు దగ్గర గుడారం వేసి క్షతగాత్రులకు చికిత్స చేసేవారు. కందకం యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ గుడారంలోనే ఉంచమన్నారు. అంతకు ముందు హిజ్రత్ కాలంలో హజ్రత్ అబూబకర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి) నెలలు నిండిన గర్భంతో మక్కా నుంచి బయలుదేరి ఖుబా చేరగానే ప్రసవించారు. మదీనాలో ముహాజిర్ల ఇంట పుట్టిన మొదటి బిడ్డ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి). ప్రవక్త (స) ఖర్జూరం నమిలి ఆ పసివాని నోట ఉంచి దుఆ చేశారు. శత్రువుల వల్ల ఇల్లు విడిచి వచ్చిన జనం ఒక బిడ్డ క్షేమంగా పుట్టినందుకు తక్బీర్ చెప్పుకుని సంతోషించారు. యుద్ధానికీ పురుటికీ ఉన్న సంబంధం ఇంత పాతది.

ఇక హైదరాబాదు సంస్థానం కథకు వస్తే, 1946 నుంచి అక్కడ శాంతి లేదు. తెలంగాణా పల్లెల్లో భూస్వాములపై రైతుల సాయుధ పోరాటం మొదలైంది. ఖాసిం రజ్వీ రజాకార్లు గ్రామాల మీద పడ్డారు. ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి ఆంధ్ర జిల్లాలకు వచ్చి తలదాచుకున్నాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలపై ఊచకోత జరిగింది. విచారణకు వెళ్ళిన పండిత్ సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చని అంచనా వేసింది. రజాకార్ల చేతిలో పోయినవారు, ప్రతీకారంలో పోయినవారు, దళాలకూ పోలీసులకూ మధ్య నలిగిపోయినవారు అంతా తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ మాట్లాడే మన జనమే.

ఈ లెక్కల్లో పురిటి చావులు ఎక్కడా కనిపించవు. తుపాకి దెబ్బకు పోయినవాని పేరు రాస్తారు. కర్ఫ్యూలో దాయమ్మ రాలేక నెత్తురు పోయి చనిపోయిన ఇల్లాలి పేరు ఎవరూ రాయరు. తెలంగాణా పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ అనుభవాలు చెప్పుకోగా 1986లో మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం వచ్చింది. అడవుల్లో కాన్పు కావడం, దళానికి ప్రమాదమని చంటిబిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టి వెళ్ళిపోవడం వంటివి అందులో చదివితే మనసు వికలమవుతుంది. దేశమంతటా పరిస్థితి ఎలా ఉండేదంటే, వెయ్యి కాన్పులకు దాదాపు 20 మంది తల్లులు చనిపోతున్నారని 1946లో భోర్ కమిటీ తేల్చింది. అది కల్లోలం లేని ఊళ్ళను కూడా కలుపుకుని వేసిన లెక్క. అటువంటి దేశంలో రోడ్లు మూతపడి, మగవాళ్ళు పారిపోయి, దవాఖానాలు దిక్కులేకుండా పడి ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

1949లో ఆ కబురు నిలోఫర్ ఇంటికే వచ్చింది. ఆమె దగ్గర పనిచేసే రఫతున్నీసా బేగం అనే ఆమె కాన్పులో మరణించింది. నిలోఫర్‌కు ఆమె మీద చాలా ఇష్టం. శాహ్జాదీ కుప్పకూలిపోయారు. తర్వాత తేరుకుని, ఇక ముందు ఏ రఫత్ కూడా ఇలా చనిపోకూడదని నిశ్చయించుకున్నారు. మామగారైన నిజాం వద్దకు వెళ్ళి స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి కావాలని కోరారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హైదరాబాదు అప్పటికి వైద్యం ఎరుగని ఊరు కాదు. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఉంది. ఆడవారి కోసమే కట్టిన విక్టోరియా జనానా ఆసుపత్రి అప్పటికే దశాబ్దాల నుంచి పనిచేస్తోంది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపొందిన నిజాం కోడలి కొలువులో పనిచేసే మనిషి రఫత్. అయినా ఆమెకు సమయానికి తగిన వైద్యం అందలేదు. ఊళ్ళో ఆసుపత్రి ఉండడం వేరు, పేదరాలి పురిటి మంచానికి అది అందడం వేరు. నిలోఫర్ గొప్పతనం ఏమిటని అడిగితే నేను ఈ తేడా గ్రహించడమే అంటాను. పనిమనిషి చనిపోతే ఇంటివారికి కొంత డబ్బిచ్చి, కఫన్ ఖర్చు పెట్టి మరో మనిషిని కుదుర్చుకోవడమే ఆనాటి పెద్దిళ్ళ ఆనవాయితీ. ఈనాటిది కూడా అదే.

కాన్పులో ప్రాణం విడిచిన తల్లికి షహాదత్ దర్జా ఉందని హదీసులు తెలుపుతున్నాయి. పోయిన భార్య కోసం, బిడ్డ కోసం ఏడ్చే ఇంటికి అది గొప్ప ఊరట. కానీ ఈ మాటను మన వాళ్ళు వాడే తీరు నాకు నచ్చదు. కాళ్ళు వాచి, కళ్ళు తిరిగి, తలనొప్పితో మూలుగుతున్న చూలాలిని రెండు రోజులు ఇంట్లో ఉంచి, గుర్రపువాతం వచ్చాక బండి కట్టి, దారిలో పోతే ఆమె షహీద్ అయిందని చెప్పుకుంటారు. ఆమె దర్జా ఆమెది. బండి ఆలస్యంగా కట్టినవారి జవాబుదారీ మిగిలే ఉంటుంది. నిలోఫర్ ఈ రెండింటినీ కలపలేదు. రఫత్ కోసం ఏడ్చారు, ఆసుపత్రి కోసం కూడా నిలబడ్డారు.

రెడ్‌హిల్స్‌లో ఆసుపత్రి లేచింది. 1953లో 100 పడకలతో పని ప్రారంభించింది. అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలో బూర్గుల రామకృష్ణారావు గారి ప్రభుత్వం ఉంది. నిజాం రాజప్రముఖ్ హోదాలో మాత్రమే మిగిలారు. రాజ్యం పోయినా ఆసుపత్రి ఆగలేదు. విచిత్రమేమంటే, ఆసుపత్రి తలుపులు తెరుచుకునేనాటికి నిలోఫర్ ఆ ఇంటి కోడలు కాదు. 1948లోనే మొఅజ్జం జాహ్ రెండవ వివాహం చేసుకున్నారు. కారణం సంతానం లేకపోవడమే. 1952లో నిలోఫర్‌తో విడాకులు జరిగాయి. ఆమె ఫ్రాన్సులో తల్లి దగ్గరకు వెళ్ళిపోయారు. బిడ్డ లేదని ఒక ఇంటి నుంచి బయటకు వచ్చిన స్త్రీ పేరు మీద, ఆ మరుసటి ఏడాది నుంచి, ఊరివారి బిడ్డలంతా చికిత్స పొందడం మొదలైంది. ఆ పేరు మార్చాలని ఏ ప్రభుత్వమూ తలచలేదు. తోడికోడలు దుర్రె షహ్వార్ పేరుతో కూడా పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి వెలసింది. దేశం నుంచి వెళ్ళగొట్టబడిన ఇద్దరు ఆడపిల్లలు తమను చేర్చుకున్న ఊరికి ఇలా పిల్లల ఆసుపత్రులనే వదిలి వెళ్ళారు.

ఆసుపత్రి తెరిచిన 1953లోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మా కొత్తపట్నం అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. హైదరాబాదు అప్పటికి పరాయి రాష్ట్రం. సముద్రపు ఒడ్డు పల్లెపాలెంలో ఆడమనిషికి నొప్పులు వస్తే మంత్రసానే దిక్కు. ఆమె చేయి దాటితే పది పన్నెండు మైళ్ళ దూరంలోని ఒంగోలుకు బండి కట్టాలి. వెనుకవైపు నల్లరేగడి భూముల్లో మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్ళే కూలి స్త్రీలు నెలలు నిండే దాకా వంగి పనిచేసేవారు. ఇప్పటికీ చేసేవారున్నారు. ఈ పేజీ చదివే ఇళ్ళలో చాలామంది నానీలు, దాదీలు ఆ కాలపు కాన్పుల నుంచి బతికి బయటపడినవారే.

తల్లి ఎందుకు చనిపోతుంది? మాయ పడ్డాక గర్భసంచి ముడుచుకోకపోతే రక్తం ధారగా పోతుంది. ఆపకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. రక్తపోటు పెరిగి ఫిట్స్ వస్తాయి. శుభ్రం లేని చేతుల వల్ల చీము పట్టి జ్వరం వస్తుంది. బిడ్డ అడ్డం తిరుగుతుంది. వీటన్నిటికీ వైద్యం ఉంది. 1994లో ఇద్దరు పరిశోధకులు ఈ చావులను పరిశీలించి ఆలస్యం మూడు చోట్ల జరుగుతుందన్నారు. ఆసుపత్రికి పోదామని ఇంట్లో నిర్ణయించడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆసుపత్రిలో చేరాక చికిత్స మొదలుపెట్టడంలో మరొకటి. కల్లోలం వచ్చిన చోట ఈ మూడూ పెరుగుతాయి. బయటకు పోవడానికి భయం, దారిలో తుపాకులు, చేరినచోట డాక్టరు లేడు, రక్తం లేదు, కరెంటు లేదు. అందుకే యుద్ధ ప్రాంతాల్లో పనిచేసే సంస్థలు నెలలు నిండిన స్త్రీల చేతికే ఒక చిన్న పొట్లం ఇస్తాయి. అందులో సబ్బు, పరుచుకోవడానికి ప్లాస్టిక్ గుడ్డ, కొత్త బ్లేడు, బొడ్డు కట్టడానికి దారం, చేతి తొడుగులు ఉంటాయి. డాక్టరుకు అది సాటి కాదు. అయినా తుప్పు పట్టిన కొడవలితో బొడ్డు కోసి ధనుర్వాతం తెప్పించడం కన్నా ఎన్నో రెట్లు మేలు.

మన తీరంలో యుద్ధం లేదు, తుఫాను ఉంది. తుఫాను హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులను ముందుగానే దగ్గరి ఆసుపత్రులకు చేర్చడం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అలవాటుగా మారింది. వచ్చే ఆపద తెలిసినప్పుడు మొదట కదిలించవలసింది ఎవరినో ప్రభుత్వానికి తెలిసింది. 2005 నుంచి 108 వాహనాలు వచ్చాయి. 2018-20 నాటి లెక్కల్లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గాయి. భోర్ కమిటీ నాటి లెక్క లక్షకు కడితే 2,000. తేడా ఎంతో పాఠకులే చూసుకోవచ్చు.

రఫత్ చనిపోయిన 1949వ సంవత్సరంలోనే ఆగస్టు 12న జెనీవాలో దేశాలన్నీ కూర్చుని యుద్ధ సమయంలో పౌరుల రక్షణకు ఒప్పందం రాసుకున్నాయి. క్షతగాత్రులతో పాటు గర్భిణులకు ప్రత్యేక రక్షణ ఉండాలని, ఏడేళ్ళలోపు పిల్లల తల్లులకు కాల్పులు లేని చోట ఆశ్రయం కల్పించవచ్చని, ఆసుపత్రుల మీద దాడి చేయరాదని అందులో ఉంది. రాసింది బాగానే ఉంది. 2020 మే నెలలో కాబూల్‌లోని దష్తె బర్చీ ప్రసూతి ఆసుపత్రిలోకి ముష్కరులు చొరబడి 16 మంది తల్లులను కాల్చి చంపారు. అది రమజాన్ మాసం. చంపినవారు తమను ముస్లింలమనే చెప్పుకునేవారై ఉంటే మన తలలు ఇంకా దించుకోవాలి. 2023 అక్టోబరులో గాజాలో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ సుమారు 50,000 మంది గర్భిణులు ఉన్నారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా వేసింది. నవంబరులో అల్ షిఫా ఆసుపత్రిలో కరెంటు పోయి నెలలు నిండని శిశువులను ఉంచే పెట్టెలు ఆగిపోయాయి. సిబ్బంది ఆ పసికందులను ఒకే మంచం మీద పక్కపక్కన పడుకోబెట్టి వెచ్చదనం కోసం గుడ్డల్లో చుట్టారు. కొందరు దక్కలేదు. బతికిన 31 మందిని నవంబరు 19న రఫా చేర్చారు. వారిలో 28 మందిని మరునాడు ఈజిప్టుకు పంపారు. కొందరు శిశువుల వెంట తల్లులు లేరు.

నిలోఫర్ ఇవి చూడలేదు. ఫ్రాన్సు వెళ్ళాక ఆమె పారిస్‌లో స్థిరపడి, 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను వివాహం చేసుకున్నారు. చివరి దాకా ఆయనతోనే ఉన్నారు. సంతానం అప్పుడూ లేదు. ఆ దశ గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. పుట్టిన దేశం పొమ్మన్నది, మెట్టిన ఇల్లు తెగింది, మూడో దేశంలో ఒక సాధారణ స్త్రీగా ఆమె రోజులు గడిచాయి.

ఆసుపత్రి మాత్రం పెరుగుతూ పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక గుంటూరు, నెల్లూరు, కర్నూలు వైపుల నుంచి కూడా బిడ్డలను అక్కడికి తేవడం మొదలైంది. 100 పడకలు వందల పడకలయ్యాయి. పిల్లల వైద్యం చదివే ఎందరో డాక్టర్లకు అదే బడి అయింది. ఒక్కో పడక మీద ఒకరికి మించిన పసివాళ్ళు, వరండాలో చాపల మీద తల్లులు, గేటు బయట గిన్నెలు పట్టుకుని నిలబడ్డ తాతలు కనిపించే రోజులు అక్కడ ఉన్నాయి. అంత రద్దీ మంచి లక్షణం కాదు. జిల్లా ఆసుపత్రులు పని చేయవలసినంత చేయకపోవడం దానికి ఒక కారణం. ఆ గేటు దగ్గర బురఖా వేసుకున్న తల్లి, లంబాడీ తల్లి, పల్లెపాలెం తల్లి ఒకే వరుసలో నిలబడతారు. రఫతున్నీసా బేగం కథ అక్కడికి వచ్చేవారిలో ఎవరికోగానీ తెలియదు.

శాహ్జాదీ నిలోఫర్ 1989 జూన్ 12న పారిస్‌లో మరణించారు. నగరం శివార్లలోని బొబిని ముస్లిం ఖబ్రస్తాన్‌లో ఆమెను ఖననం చేశారు. ఆ ఖబ్రస్తాన్ 1937లో ఏర్పడింది. అక్కడి ముస్లింల కోసం రెండేళ్ళ ముందు కట్టిన ఒక ఆసుపత్రిలో చనిపోయినవారిని ఖననం చేయడానికి దాన్ని ఏర్పాటు చేశారు. ఆ ఆసుపత్రికి ఇప్పుడు ఇబ్నె సీనా పేరు ఉంది.